తొమ్మిదో నంబరు జెర్సీ

మైకులో తన పేరు వినబడి హేమలత ఉలిక్కిపడింది.

"తొమ్మిదో నంబరు! మన అరకు ఆణిముత్యం! హేమలతా!"

గ్రౌండంతా చప్పట్లు. హేమలత మాత్రం అకాడమీ స్టోర్‌రూములో సిమెంటు బస్తాల పక్కన గోనె మీద పడి ఉంది. కుడి మోకాలు గుమ్మడికాయంత వాచింది. వంటమనిషి సోములమ్మ వేసిన సున్నం బెల్లం పట్టు ఎండి పెచ్చులు రాలుతోంది. తలుపుకి బయట గొళ్లెం.

మూడు రోజుల కిందట అకాడమీ మేనేజర్ శ్రీకాంత్ పక్క రిసార్టు అతిథుల సరదా కోసం గుంటల్ని, అకాడమీ ఆడపిల్లల్ని, కార్లు పెట్టే కంకర నేల మీద ఆడించాడు. అది ఫుటీ, ఆస్ట్రేలియా వాళ్ల ఆట. కోడిగుడ్డులా సాగిన బంతిని తన్నాలి, గాల్లోకి ఎగిరి అందుకోవాలి. పడ్డా ఒళ్లు ఓర్చుకునే గడ్డి నేల మీద ఆడాల్సిన ఆట. హేమలత ఎగిరి బంతి పట్టింది. దిగేటప్పుడు కాలు మెలిపడింది. లోపల ఏదో పటుక్కున తెగింది. అతిథులెవరూ సెల్‌ఫోన్లు దించలేదు.

ఆస్పత్రికి పంపమంటే శ్రీకాంత్ కసిరాడు. జీతమిచ్చి ఆడించుకుంటామని ఆమెతో ఒప్పందం చేసుకున్న మెల్‌బోర్న్ క్లబ్బు వాళ్లు శుక్రవారం వస్తున్నారు. ఆమెను వాళ్లు వీడియోలోనే చూశారు. "మీరంతా ఒకేలా ఉంటారే. వాళ్లకి తేడా తెలుస్తుందా ఏంటి?" అని ఆమె జెర్సీని జట్టులోనే ఉన్న రమణికి తొడిగించాడు. నోరు విప్పితే ఒక్కరికీ టీసీ ఇవ్వనన్నాడు.

నిన్న కుళాయి దగ్గర గుంటలు గొడవ పడటం ఆమె గోడ ఇవతలినుంచి విన్నది.

"ఆడీయే రమణీ! టీసీ పోతే మాయమ్మ నన్ను కాఫీ తోటకి తోలేత్తాది."

"దాని కాలు ఇరిసినోడు రేపు నీ కాలు ఇరవడా?"

"రమణికేటి, హేమలత పేరెట్టుకుని ఇమానం ఎక్కేత్తాది!"

రమణి మాత్రం మాట్లాడలేదు. హేమలతకి భయం వేసింది ఆ మౌనానికే.

ఇప్పుడు విజిల్ మోగింది. ఆ వెంటనే అంతా నిశ్శబ్దం. హేమలత డేకుతూ వెళ్లి తలుపు సందులోంచి చూసింది. రిఫరీ ఎగరేసిన బంతి కింద పడి, రెండుసార్లు గెంతి, ఆగిపోయింది. రెండు జట్లలో ఒక్క గుంటా కదల్లేదు.

రమణి జెర్సీ విప్పి నేల మీద పెట్టింది. లోపల బనీను చెమటకి అతుక్కుపోయింది.

"నాను హేమలతని కాదు. రమణిని. దాని కాలు ఇరగ్గొట్టి అదిగో, ఆ కొట్లో పడేసినారు!"

గుంటలు ఒక్కుమ్మడిగా ఉరికారు. గొళ్లెం ఊడింది. హేమలతని బెంచీ మీద మోసి గ్రౌండు మధ్యకి తెచ్చారు. క్లబ్బు నుంచి వచ్చినావిడ మోకాలు చూసి, ఫోన్లో ఏదో మాట్లాడి, తల అడ్డంగా ఊపింది. హేమలత నెత్తిన క్లబ్బు టోపీ ఒకటి పెట్టి కారెక్కింది. ఒప్పందం అంతటితో సరి.

శ్రీకాంత్ పిలవగానే పోలీసులు బేగినే వచ్చారు. అతిథుల మీదికి జనాన్ని రెచ్చగొట్టిందని రమణిని జీపెక్కించారు. ఎస్సై హేమలత చేతికి కాగితం, పెన్నూ ఇచ్చాడు.

"బాత్రూములో జారి పడ్డానని సంతకం పెట్టు. అంబులెన్సు గేటు దగ్గరే ఉంది. ఆపరేషనయితే మళ్లీ ఆడుకుంటావు."

మళ్లీ ఆడటం! హేమలత పెన్ను గట్టిగా పట్టుకుంది.

"సార్, ఇది నాను రాత్తే రమణి అబద్దమాడినట్టే గదా?"

ఎస్సై కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి తోశాడు.

"లేటయితే కాలు పనికిరాదే పిచ్చిదానా!" అన్నాడు శ్రీకాంత్.

"ఎరుకే సార్." కాగితం మడిచి ఎస్సై చేతిలో పెట్టింది. "కంకర మీద ఆడించినారని రాయండి. అప్పుడు సంతకం ఎడతాను."

జీపు కదిలింది, ఖాళీ అంబులెన్సు దాని వెనకే పోయింది. గుంటలు బెంచీ భుజాలకెత్తుకుని జీపు వెంట నడిచారు. కుదుపు కుదుపుకీ హేమలతకి ప్రాణం పోతోంది. "దించేమంటావేటే?" అంటే పళ్లు బిగించి వద్దంది. సంత రోజు. పసుపు, చింతపండు అమ్ముకునే ఆడోళ్లు ఏమైందని అడిగారు, విన్నారు, బుట్టలు అక్కడే వదిలి నడిచారు.

స్టేషన్ గేటు మూయించి ఎస్సై లోపల్నుంచి అరిచాడు.

"ఎంతమందున్నార్రా?"

గోడ మీదుగా తొంగిచూసిన కానిస్టేబులు వెనక్కి తిరిగాడు.

"సెప్పలేను సార్. ఇంకా కొండ దిగుతున్నారు."