సంబరంలో అమ్మ గొంతు మార్చేశారు

తిమింగలం ఒకసారి నోరు తెరిచిందంటే మళ్లీ మూసుకునేది కాదు. దాని పొట్టలో కూర్చున్న మనిషి చెయ్యి బయటపెట్టి, దవడ పట్టుకుని మూయాల్సిందే. ఆ చెయ్యి కనబడగానే జనం ఈలలు వేసేవారు. గంగమ్మ తల్లి కిరీటంలో సగం బల్బులే వెలిగేవి. తుఫాను మూడు గొట్టాల్లోంచి వచ్చేది. గాలి ఎదురు తిరిగిందా, పడవ మీద పడాల్సిన వాన కాస్తా ముందు వరసలో పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నవాళ్ల మీద పడేది. శ్రీకాకుళానికి సముద్రం వైపున్న గంగా వినోద వనంలో, పన్నెండేళ్లుగా పొద్దు గూకగానే మొదలయ్యే 'సాగర సంబరం' ఇదే. విజయనగరం నుంచి కూడా వ్యాన్లు మాట్లాడుకుని మరీ వచ్చి చూసేవారంటే, అందులో ఏదో ఉండే ఉండాలి.

ఉన్నది ఆఖర్న. కథ పెద్దగా ఏమీ లేదు. వేటకెళ్లిన కుర్రాడు తుఫానులో చిక్కుకుంటాడు, తిమింగలం మింగుతుంది, గంగమ్మ కక్కిస్తుంది, వాడు ఈదుకుంటూ ఒడ్డుకొస్తాడు. అప్పుడు దీపాలన్నీ ఆరిపోతాయి. చీకట్లోంచి వాడి తల్లి గొంతు వినిపిస్తుంది. "ఒరే అయ్యా, ఒచ్చీసినావేటిరా?" జనమంతా ఒక్క గొంతుతో "ఒచ్చీసినానే అమ్మా!" అని అరుస్తారు. అరవమని ఎవరూ బోర్డు పెట్టలేదు. మొదటి ఏడాది ఎవరో అరిచారు, రెండో ఏటికి అందరూ అరిచారు. ఆ తర్వాత అరవకుండా లేచి వెళ్లిపోయేవాణ్ని, పెళ్లికొచ్చి భోజనం చెయ్యకుండా పోయేవాణ్ని చూసినట్టు చూసేవారు.

శనివారం ఆటలో అందరికంటే గట్టిగా అరిచేది మోహనకృష్ణ మాస్టారు. ఆయన శ్రీకాకుళంలో పేరున్న ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన పని ఏమిటంటే, జిల్లా పిల్లల నోళ్లలోంచి జిల్లాని తీసెయ్యడం. 'సెప్తాను' అన్నవాడు బెంచీ ఎక్కాలి. 'ఏటి' అన్నవాడు 'ఏమిటి' అని నోరు తిరిగేదాకా అనాలి. తల్లిదండ్రులు ఎదురొచ్చి మరీ దణ్ణం పెట్టేవారు. "మావోడు టీవీలోనాగ మాటాడతన్నాడు మాస్టారూ" అని మురిసిపోయేవారు. అలాంటి మనిషి శనివారం సాయంత్రం కండువా దులిపి భుజాన వేసుకుని "ఒచ్చీసినానే అమ్మా" అని గొంతు చించుకోవడం పిల్లలు చూస్తే గుడ్లు తేలేసేవారు. చీకటి కాబట్టి ఆయన బతికిపోయారు.

ఆయనది పాతపట్నం దగ్గర పల్లె. వాళ్లమ్మ నారాయణమ్మ బతికున్నన్నాళ్లూ, కొడుకు గుమ్మంలో కాలు పెట్టగానే అచ్చంగా ఆ మాటే అనేది. ఆవిడ పోయాక ఆయన్ని 'ఒరే' అనే మనిషి భూమ్మీద మిగల్లేదు. భార్య 'ఏవండీ' అంటుంది, ఊరు 'మాస్టారూ' అంటుంది. వారానికోసారి ఆ గొంతు పిలిచినప్పుడు మాత్రం ఆయన కొడుకు. ఆ పిలుపు కోసం ఆయన ప్రాణం కొట్టుకునేది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, 'సాగర సంబరం అభిమాన సంఘం అధ్యక్షులు' అని కార్డులు కొట్టించుకుని పంచారు.

2016 దసరాకి పార్కు చేతులు మారింది. 'సరికొత్త హంగులతో' అని ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. మొదటి శనివారం సంఘం మొత్తం ముందు వరసల్లో కూర్చుంది.

తిమింగలం నోరు తెరిచింది, దానంతటదే మూసుకుంది. ఈల వెయ్యడానికి వేళ్లు నోట్లో పెట్టుకున్నవాళ్లు, చెయ్యి కోసం చూసి చూసి వేళ్లు తీసి పంట్లాలకి తుడుచుకున్నారు. గంగమ్మ కిరీటం మొత్తం వెలిగింది. వాన బుద్ధిగా పడవ మీదే పడింది. పొడిబట్టలతో మిగిలిపోయిన జనం మోసపోయినట్టు మొహాలు పెట్టారు. మాస్టారు ఇవేమీ పట్టించుకోలేదు. ఆఖరిమాట కోసం గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చున్నారు. దీపాలు ఆరాయి.

"నాయనా! క్షేమంగా తిరిగి వచ్చావా?"

వార్తలు చదివే అమ్మాయి గొంతు. తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయాయి. ఇలాంటి తల్లికి ఏమని జవాబు చెప్పాలో ఎవరికీ తోచలేదు. చివరికి వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి మర్యాదగా "ఆఁ, వచ్చామండి" అన్నాడు.

ఇంటికి చేరేలోపే వాట్సాప్ గ్రూపు అంటుకుంది. కరెంటాఫీసులో రిటైరైన జగన్నాధం, ఆ సగం బల్బులు మార్చమని పదేళ్లు పార్కు వాళ్ల ప్రాణం తీసినవాడు, "ఆ సగం కిరీటంలో ఉన్న భక్తి ఈ నిండు కిరీటంలో లేదు" అని కన్నీళ్ల బొమ్మలు పెట్టాడు. మొబైల్ షాపు వెంకీ సంబరాన్ని చూసింది ఒక్కసారే, అదీ నిద్రపోతూ. అయినా 'తిమింగలానికి న్యాయం కావాలి' అని పాట పెట్టి వీడియో చేశాడు. హైదరాబాదులో స్థిరపడ్డ ఒకాయన "మన యాసని చంపేశారు" అని వాపోయాడు. ఆయన పిల్లలకి యాస సంగతి దేవుడెరుగు, తెలుగే రాదు. తెల్లారేసరికి గ్రూపు రెండైంది. ఒకటి అసలు అభిమానులది, ఇంకొకటి అసలైన అభిమానులది. రెండూ కలిసి తేల్చింది ఒక్కటే: పార్కు గేటు ముందు దిష్టిబొమ్మ తగలెయ్యాలి.

దిష్టిబొమ్మ ఎవరిది అన్న దగ్గర కాస్త చిక్కొచ్చింది. కొత్త యజమాని పేరు ఎవరికీ తెలీదు. చివరికి గడ్డిబొమ్మ మెడలో 'కొత్త గొంతు' అని అట్ట వేలాడదీసి సరిపెట్టారు. అగ్గిపెట్టె మర్చిపోతే గేటు దగ్గర వాచ్‌మనే ఇచ్చాడు. అధ్యక్షుల వారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! మన మాతృభాషా మాధుర్యమును హరించుటకు వీరికి అధికారమెవరిచ్చిరి?"

చప్పట్లు మోగాయి. పక్కనున్న జగన్నాధం మాత్రం చెవి దగ్గరకొచ్చి, "మాస్టారూ, మనం మన మాట కావాలని కదా అడుగుతన్నాం, మరి మీరేటి ఇలగ..." అని నసిగాడు.

"మైకు ముందు మైకు భాషే మాట్లాడాలి జగన్నాధం గారూ," అన్నారు మాస్టారు, అలా అడిగినందుకు జాలిపడుతూ.

గడ్డిబొమ్మ అంటుకున్న క్షణాన గేటు తెరుచుకుంది. లోపలి నుంచి టై కట్టుకున్న మేనేజరు పరుగున వచ్చాడు. పోలీసుల్ని పిలుస్తాడనుకుని వెంకీ వెనక్కి జరిగాడు. మేనేజరు తిన్నగా వచ్చి మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"నేను మాస్టారూ, వినోద్‌ని. పొందూరు వినోద్‌ని."

ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, వినోద్ సంతోషం పట్టలేక చెప్పుకొచ్చాడు. "తల్లి డైలాగు నేనే రాశాను మాస్టారూ. మీరు మొదటి రోజు వస్తారని తెలుసు. విని మెచ్చుకుంటారని ఎదురుచూశాను. పొందూరు నుంచి వచ్చినప్పుడు నాకు 'చ' పలికేది కాదు. ఎన్నిసార్లు బెంచీ ఎక్కించారో! అప్పుడు ఏడ్చాను గానీ ఇవాళ ఈ కుర్చీ దాని చలవే. ఈ పార్కులో చేరి ఆ పాత మాట విన్నప్పుడు నాకు సిగ్గేసింది. మాస్టారు వింటే ఏమంటారు అనుకున్నాను. ముందు అదే మార్పించాను."

మాస్టారు వాడి మొహంలో ఎకసెక్కం కోసం వెతికారు. ఎకసెక్కమైతే తిట్టి లేచిపోవచ్చు. అక్కడ ఉన్నది అచ్చమైన గురుభక్తి. అయినా అడగాల్సింది అడిగేశారు. "పాత గొంతే పెట్టించు నాయనా."

వినోద్ తెల్లబోయాడు. పాత మిషన్లతో పాటు ఆ రికార్డు కూడా తుక్కులోకి పోయిందన్నాడు. అప్పట్లో ఆ మాట చెప్పింది పక్క పేటలో ఎండుచేపలు అమ్మే బుల్లమ్మ. ఆవిడ గట్టిగానే ఉంది, పిలిపించి మళ్లీ చెప్పిద్దామన్నాడు. "మీరు పెట్టమంటే తప్పు మాటైనా పెడతాను మాస్టారూ" అని వినయంగా చేర్చాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే బుల్లమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. పార్కు రికార్డింగు గదిలో అద్దం అవతల వినోద్, ఇవతల మైకు ముందు ఆవిడ, పక్కన మాస్టారు. ఎర్ర లైటు వెలిగింది.

"నాయనా! వచ్చితివా? కుశలమేనా?" అంది బుల్లమ్మ.

మాస్టారు నీరుగారిపోయారు. "అలా కాదమ్మా. మామూలుగా చెప్పు, అప్పుడు చెప్పినట్టే."

"అప్పుడంటే తెలీక కూసీసినాను బాబూ. ఇప్పుడు మా మనవడు మీ కాడే సదువుతన్నాడు కదా. ఇంట్లో నానేటన్నా దిద్దుతాడు. 'సేప కాదు మామ్మా, చేప' అంటాడు. సచ్చి సెడి నేర్సుకున్నాను. మీ ముందల, అందులోన మైకులోన, తప్పు మాటాడతానేటి?"

మళ్లీ చెప్పింది. "బాబూ, విచ్చేసితివా?" అంది. మళ్లీ చెప్పమంటే, "కుమారా" అని మొదలెట్టింది. మాస్టారికి ఒకటే దారి కనిపించింది, తను అని వినిపించడం. నోరు తెరిచారు. అద్దం అవతల వినోద్ చేతులు కట్టుకుని, పాఠం వినే పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. వాడి ఎదుట ఆ మాట మాస్టారి గొంతు దాటి రాలేదు. చీకట్లో అంత గట్టిగా అరిచిన మనిషికి పట్టపగలు మాట పెగల్లేదు.

"కాస్సేపు ఆగుదాం," అన్నాడు వినోద్ స్పీకరులో. మైకు మాత్రం ఆపలేదు.

బుల్లమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది. నిజానికి ఆవిడ మనసు అక్కడ లేదు. నిన్న వేటకెళ్లిన కొడుకు రాముడి పడవ ఇంకా ఒడ్డు చేరలేదు. సముద్రం పొద్దుటి నుంచి పోటు మీద ఉంది. వస్తే తను ఇక్కడుందని చెప్పమని ఇంటి పక్కవాళ్లకి చెప్పి వచ్చింది. చెమట తుడుచుకుంటూ మాటిమాటికీ గుమ్మం కేసి చూస్తోంది.

తలుపు తోసుకుని రాముడు వచ్చాడు. ఒళ్లంతా ఉప్పునీరు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, భుజం మీద తడివల. బుల్లమ్మ కుర్చీ తన్నేసి లేచింది.

"ఒరే అయ్యా, ఒచ్చీ..."

గదిలో ఉన్న స్పీకర్లన్నీ ఆ గొంతుతో నిండిపోయాయి. అదే గొంతు. పన్నెండేళ్లు చీకట్లో పిలిచిన గొంతు. నారాయణమ్మ గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ మాట కోసమైతే దిష్టిబొమ్మ తగలేశారో, ఆ మాట సగం చెవిన పడింది. జవాబివ్వడానికి ఆయన నోరు తెరుచుకుంది.

"'వచ్చే' అనాలి!" అంది ఆయన నోరు.

చూపుడువేలు కూడా లేచింది. ఇరవై ఏళ్లుగా తరగతి గదిలో లేస్తున్న వేలు, ఎవర్నీ అడగదు.

బుల్లమ్మ మాట అక్కడే తెగిపోయింది. నాలుక కరుచుకుని, "తప్పయిపోనాది బాబూ" అంది. పైట సర్దుకుంది, నిటారుగా నిలబడింది. కన్నకొడుకు కేసి తిరిగి, ఒక్కొక్క అక్షరం తూకం వేసినట్టు పలికింది.

"నాయనా! క్షేమంగా తిరిగి వచ్చావా?"

అద్దం అవతల వినోద్ బొటనవేలు పైకెత్తి చప్పట్లు కొట్టాడు. ఇంత శుద్ధంగా స్టూడియోలో అమ్మాయి కూడా చెప్పలేదన్నాడు.

రాముడు వల కింద పడేశాడు. తల్లి దగ్గరకొచ్చి ఆవిడ మొహంలోకి భయంగా చూశాడు. "ఏటే అమ్మా? ఏటయినాదే?" అంటూ జొరమేమోనని తడిచెయ్యి ఆవిడ నుదుటి మీద పెట్టాడు. మాస్టారి ముందు ఏ మాట అంటే ఏం తప్పో అని పెదవులు బిగబట్టుకుంది.

అప్పుడు రాముడు ఆయన వైపు తిరిగాడు.

"మాయమ్మకి ఏటి సేసీసినారు బాబూ?" అన్నాడు.