బండి బయటికి తీసి పెట్టు

"బండి బయటికి తీసి పెట్టు" అంటాడు ప్రతి ఆదివారం, అద్దం ముందు దువ్వెన పట్టుకుని. అన్నాక ఇంకో పావుగంట దువ్వుకుంటాడు. ఆ దువ్వే జుట్టు ఎంతుందో భార్యకి తెలుసు, మర్యాదకి ఎవరితోనూ అనదు. ఆ పావుగంటలో ఆమె పదిహేనేళ్ళ కారుని సన్నటి సందులోంచి వెనక్కి తీసి, అటూ ఇటూ గోడలకి జానెడు ఎడం ఉంచి, మలుపు దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ లాగి రోడ్డు మీద తిన్నగా నిలబెడుతుంది. అప్పుడు వస్తాడు. ఆమె దిగుతుంది, అతను ఎక్కుతాడు. పెద్ద రోడ్డు మీద తిన్నగా పోనిచ్చి, వాళ్ళక్క ఇంటి గేటు ముందు ఆపి, "ఎక్కడో చోట పెట్టేసి రా" అని దిగిపోతాడు. వాళ్ళింట్లో దీన్నే మగవాడు కారు నడపడం అంటారు.

అందుకే నాలుగు నెలల కింద స్టీరింగ్ బిగుసుకుపోతోందని ఆమె చెప్పినప్పుడు అతనికి అర్థం కాలేదు. బండి వేగంగా పోతుంటే స్టీరింగ్ ఎలాగూ తేలికే. నిదానంగా మలుపు తిప్పాలన్నా, వెనక్కి తీయాలన్నా, ఇరుకులో పెట్టాలన్నా తెలుస్తుంది దాని బరువు. ఆమె నడిపేదంతా అలాంటి చోట్లే. పిల్ల స్కూలు గేటు, అత్తగారి మోకాళ్ళ డాక్టరు ఆవరణ, ఊరి చివర తను పనిచేసే నీళ్ళ పరీక్షల లాబ్ వెనక జాగా. ఎద్దు పుండు కాకికి నొప్పా.

"నాకు బాగానే ఉందే" అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. చేతుల్లో సత్తువ లేక బండి మీద పడుతున్నావు."

"మా వాడు ఒంటిచేత్తో తిప్పేస్తాడమ్మాయ్" అన్నారు అత్తగారు.

పైగా ఒకరోజు బానెట్ ఎత్తి, ఇంట్లో మిగిలిపోయిన ఇంజన్ ఆయిల్ స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో గుమ్మరించి, చేతులు దులుపుకుని వచ్చాడు. ఏ ఆయిల్ పోయాలో ఆ డబ్బా మూత మీదే రాసి ఉంది. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివే మనిషి, ఆ మూత మీద ఒక్క వాక్యం చదవలేకపోయాడు. అప్పట్నుంచీ పొద్దున్నే బండి తీస్తే మూలుగు కూడా మొదలైంది. ఆమె మెకానిక్ దగ్గరికి వెళ్తే, అతను బండి వంక చూడకుండానే, "సార్‌ని రమ్మనండి మేడమ్, ఆయనకి చెప్తాను" అన్నాడు. సార్ వెళ్ళలేదు. సార్‌కి తీరిక లేదు.

పోయిన బుధవారం అన్నం కలుపుకుంటూ తేల్చేశాడు. "బండి బావకి అమ్మేద్దాం. ఆదివారం చూపించి మాట ఇచ్చేస్తా. నీకూ భుజం నొప్పి అంటున్నావు, అంత దూరం ఉద్యోగం మాత్రం ఎందుకు చెప్పు?"

లాబ్‌కి బస్సు లేదు. అది అతనికి తెలుసు. భుజం నొప్పికి మందుగా ఉద్యోగం మానడం రాసిచ్చి, మజ్జిగ పోయమని కంచం ముందుకి జరిపాడు. ఆమె పోసింది. పోస్తూ మొదటిసారి అతన్ని ఒక పనిమంతుడు పనికిరాని పనిముట్టుని చూసినట్టు చూసింది.

శనివారం మధ్యాహ్నం అతను భోంచేసి పడుకున్నాడు. ఆ నిద్ర మూడు గంటలకి తక్కువ ఉండదు, ఇల్లు కూలినా లేవడు. ఆమె బానెట్ ఎత్తింది. టైర్లలో గాలి పొద్దున్నే చూసుకుంది, సరిగానే ఉంది. స్టీరింగ్‌కి ఆయిల్ తోసే పంపుని తిప్పే బెల్టు నొక్కి చూసింది, బిగువుగానే ఉంది. డబ్బా మూత తీసింది. ఆయిల్ నిండుగానే ఉంది కానీ ఎర్రగా ఉండాల్సింది బురద రంగులో, నిండా నురగతో ఉంది.

నురగ చూడగానే ఆమెకి విషయం తెలిసిపోయింది. మామగారు పోయే ముందు ఎనిమిది నెలలు ఆమే ముక్కు గొట్టంలోంచి పాలు పట్టింది. గొట్టంలో గాలి దూరకుండా వేళ్ళతో నొక్కి పట్టుకోవడం, ఎక్కడ వదులైతే అక్కడ బుడగ వస్తుందని కనిపెట్టుకుని ఉండడం, అన్నీ ఆమే. కొడుకు గుమ్మం దగ్గర నిలబడి, "నాన్నని ఇలా చూడలేను" అని వెళ్ళిపోయేవాడు. ఎంత సున్నితమైన మనసో అని చుట్టాలు మెచ్చుకున్నారు.

నురగ ఉందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. డబ్బా నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు పైపుని వేళ్ళతో తడుముతూ పోయింది. చివర్న క్లిప్పు తుప్పు పట్టి వదులైంది, దాని కింద పైపు ఎండి నెర్రె విచ్చింది. మామగారికి పాలు పట్టిన పెద్ద సిరంజితోనే పాత ఆయిల్ లాగి సీసాలో పోసింది. పైపు ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని స్పేర్ పార్టుల షాపుకి నడిచి వెళ్ళింది.

"ఇంట్లో సార్‌తో ఫోన్ చేయించండి మేడమ్, ఏది కావాలో కనుక్కుంటా" అన్నాడు షాపతను.

"ఇదే లావు, ఇదే పొడుగు. ఆయిల్‌కి తట్టుకునేది ఇవ్వండి, నీళ్ళ పైపు కాదు. రెండు క్లిప్పులు. మూత మీద రాసిన ఆయిల్ ఇది." కాగితం కౌంటర్ మీద పెట్టింది. షాపతను కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఇంటికొచ్చి, బండి ముందు చక్రాలు జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టింది. పైపు బిగించింది. కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పింది. దిగి డబ్బాలో చూసింది, బుడగలు. మురికి లాగేసి, మళ్ళీ పోసి, మళ్ళీ తిప్పింది. ఎర్రటి ఆయిల్ మీద ఒక్క బుడగా లేకుండా అయ్యేసరికి భుజం పీకుతోంది. అప్పుడు బండి దించి ఇంజన్ స్టార్ట్ చేసింది. మూలుగు లేదు.

టీ కప్పుతో బయటికొచ్చిన అతను, డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నచోటే స్టీరింగ్ తిప్పి చూశాడు.

"చూశావా? నేను పోసిన ఆయిల్ ఇప్పటికి ఒంటబట్టింది."

ఆమె సీసా చూపించింది. "మీరు పోసింది ఇదిగో. పైపు మార్చాను."

"ఆయిల్ ఆయిలే. మంచిదైంది, నేనే దగ్గరుండి బాగు చేశానని బావకి ధైర్యంగా చెప్పొచ్చు."

ఆమెకి కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. కోపం రావడానికైనా ఎదుటి మనిషిలో కాస్త సరుకుండాలి. సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆదివారం దువ్వెన అందుకుని, "బండి బయటికి తీసి పెట్టు" అన్నాడు.

తీసింది. పిల్లా, అత్తగారూ వెనక కూర్చున్నారు. మూడుసార్లు లాగాల్సిన మలుపు ఒక్కసారికే తిరిగింది. అతను వచ్చి డ్రైవర్ తలుపు పక్కన నిలబడ్డాడు. ఆమె సీటు బెల్టు విప్పలేదు.

"దిగు."

"అటు నుంచి ఎక్కండి. బండి అమ్మడం లేదు. రేపు నాకు లాబ్ ఉంది."

వెనక వ్యాన్ హారన్ కొట్టింది. అతను వాళ్ళమ్మ వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. హారన్ మళ్ళీ మోగింది. అతను బండి చుట్టూ తిరిగి వచ్చి ఎక్కాడు. తలుపు రెండుసార్లు వేస్తే గానీ పడలేదు. బండి పెద్ద రోడ్డు ఎక్కాక అడిగాడు.

"మరి బావకి ఏం చెప్పమంటావు?"

"స్టీరింగ్ బాగు చేశారుగా," అంది ఆమె, మలుపు తిప్పుతూ, "అదెలా చేశారో చెప్పండి."