ఆరు సెకన్ల గది

ఆ స్టూడియోలో అందరూ ఆమెను వానమ్మ అనేవాళ్లు. బొమ్మల్లో మనుషుల వెనక కనిపించే వీధులూ ఇళ్లూ ఆకాశమూ గీసే పని ఆమెది. ఆమె గీసిన వాన చూస్తే గొడుగు వెతుక్కోవాలనిపిస్తుందని ఎవరన్నారో గానీ, ఆరేళ్లలో అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అప్పుడు వాళ్లు చేస్తున్న యానిమే, అంటే జపాన్ తరహా కదిలే బొమ్మల సిరీస్, సముద్రంలో మునిగిపోయిన ఒక నగరం గురించి. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఆ నీళ్లలోకి దిగుతుంది. బొమ్మల మీంచి చూపు మరలేది కాదు. నీటి అడుగున వెలిగే వీధి దీపాలు, కిటికీల్లోంచి దూరిపోయే చేపలు. ఒకరోజు బస్సులో పక్కామె ఫోన్ మీద తను గీసిన మెట్లు కనబడితే, నావేనని చెబుదామా వద్దా అని రెండు స్టాపులు తటపటాయించి ఊరుకుంది వానమ్మ.

ఇంట్లో ఆమే, అక్కా. అక్క దర్జీ. ప్రతి వారం కాజాలు కుడుతూ సిరీస్ చూసేది. ఎనిమిదో భాగం అయ్యాక దారం పళ్లతో తెంపి, "ఆ తమ్ముడేమయ్యాడే?" అని అడిగింది.

తెంపిన దారం ముక్క ఏరబోయింది వానమ్మ. అక్క వదల్లేదు.

"తోడబుట్టినవాడి కోసం బయల్దేరిన పిల్ల ఐదు వారాలుగా వాడి ఊసే ఎత్తదేం? ఎగురుతుంది, దూకుతుంది, జుట్టు విరబోసుకుని నిలబడుతుంది. పైన పటారం, లోన లొటారం. నీ బొమ్మల కోసం చూస్తున్నా గానీ."

వానమ్మకు రోషం వచ్చింది, కానీ అక్క మీద కాదు. మూడో భాగం నుంచీ తనను తొలుస్తున్న ప్రశ్న అదే. స్టూడియోలో అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్లే లేరు.

మర్నాడు దర్శకుడి గదికి వెళ్లి అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె చేతిని నమ్మి పనిలో పెట్టుకున్నది ఆయనే. జనం కథ చూడటం లేదమ్మా, ఆపి ఆపి బొమ్మలు చూసుకుంటున్నారు అన్నాడు. చివరి భాగంలో నగరం మొత్తం నీళ్లలోంచి పైకి లేస్తుందనీ, నాలుగు నిమిషాలు ఒక్క మాట కూడా ఉండదనీ, దానికి అరవై బొమ్మలు కావాలనీ చెప్పాడు. మరి తమ్ముడో అంటే, తమ్ముడు మనిషి కాదు, ఒక భావం అన్నాడు.

ఆ మాట ఇంట్లో చెబితే అక్క, "భావానికి మొదటి భాగంలో జలుబెందుకు చేసిందట?" అంది.

వానమ్మ అరవై బొమ్మలూ గీసింది. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. ఆపైన ఎవరూ అడగని అరవై ఒకటోది కూడా గీసింది. చిన్న గది, దులిపి సర్దిన మంచం, ఆరడానికి గోడకు చేరేసిన పిల్లాడి చెప్పులు. మనుషులెవరూ లేరు. దాన్ని చివర్న ఆరు సెకన్లు ఉంచమని ఎడిటర్‌ని అడిగింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి ఆయన. బొమ్మను దగ్గరకు జరుపుకుని చూసి, చివర్న అతికించాడు.

అందరూ కూర్చుని చూసే రోజు వచ్చింది. నగరం లేచింది. తర్వాత ఆ గది వచ్చింది. లైట్లు వేశాక కూడా ఎవరూ లేవలేదు.

దర్శకుడు నెమ్మదిగా అన్నాడు. "బాగుంది. కానీ ఇది చూశాక జనానికి నగరం గుర్తుండదు, తమ్ముడే గుర్తుంటాడు. తీసెయ్యండి."

"తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి," అంది వానమ్మ.

"అరవై బొమ్మలూ నీవే కదమ్మా."

"నావేనండి. వాన నేనే గీశాను. ఆ పిల్ల ఎందుకు తడుస్తోందో మీరు చెప్పలేదు."

ఆయన రెండూ తీసేశాడు.

చివరి భాగం వచ్చింది. చూసినవాళ్లందరూ బొమ్మలు అద్భుతమన్నారు, తమ్ముడేడీ అన్నారు. నెల తిరక్కుండా నిర్మాత ఫోన్ చేశాడు. సిరీస్‌ని చిత్రకళ బహుమతికి పంపుతున్నారు, గీసినవాళ్ల సంతకం తప్పనిసరి. గదిని తిరిగి పెడితే సంతకం పెడతానంది వానమ్మ. పంతానికి పోతే పని పోతుందని హెచ్చరించాడు. పంతమే అనుకోండి అంది.

బహుమతికి పంపలేదు. తర్వాతి సిరీస్‌లో ఆమెకు చోటివ్వలేదు. రంగులు వేసే ఇద్దరమ్మాయిలు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆ బహుమతి వాళ్లది కూడా. అది మాత్రం వానమ్మకు ముల్లులా గుచ్చుకుంది. వాళ్ల ఇళ్లకు వెళ్లి, మీకు నష్టం చేశాను, కాదనను, కానీ మళ్లీ అయినా అదే చేస్తాను అని చెప్పి వచ్చింది. ఒకమ్మాయి తలుపు వేసుకుంది. ఒకమ్మాయి మంచినీళ్లిచ్చింది.

ఇప్పుడు ఆమె స్కూలు పుస్తకాలకు బొమ్మలు గీస్తోంది. సాయంత్రాలు అక్క గుడ్డలు కత్తిరించే బల్ల మీద సొంత కథ ఒకటి రాస్తోంది. రాయడం గీసినంత సులువు కాదని తెలిసొచ్చింది. ఏడుసార్లు చింపేసింది. ఆదివారాలు ఎడిటర్ వచ్చి చదివి, ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటం లేకుండా చెప్పిపోతాడు. కథ నిలబడేదాకా దానికి ఒక్క బొమ్మా గీయనని ఒట్టు పెట్టుకుంది.

"నిలబడకపోతే?" అని అడిగింది అక్క.

"కూర్చుని మళ్లీ రాస్తాను," అంది వానమ్మ.