ఏడున్నర దాకా పాచినోరే

కడియంలో మా నర్సరీ పని ఆరింటికే మొదలవుతుందండి. అందరూ పళ్ళు తోముకుని, టీ తాగి వచ్చి మొక్కల్లో పడతారు. నేను మాత్రం పాచినోటితో వస్తాను. పాచినోటితో టీ ఎలా తాగుతాం చెప్పండి? అందుకని ఏడున్నర దాకా నాకు టీ కూడా ఉండదు.

"ఈ ఆరోనుగాడికి పెళ్ళాం సెల్లో కనబడితేగాని మనకి వీడి పళ్ళు కనబడవు" అని మా మేస్త్రీ ముసలయ్య రోజూ ఆటపట్టిస్తాడు. అననీండి, నాకేం పోయింది.

నా భార్య బేబి కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. వెళ్ళి నాలుగేళ్ళయింది. మనకి ఏడున్నరంటే అక్కడ ఐదు. ఆ ఇంట్లోవాళ్ళు లేవకముందు తనకి దొరికేది ఆ పది నిమిషాలే. నేను ఫోను కొళాయి గట్టుమీద ఆనించి వేపపుల్ల నములుతాను. తను అక్కడ అద్దం ముందు బ్రష్షు వేసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలోనూ అంతే, ఒకే కొళాయి దగ్గర పక్కపక్కన నిలబడి తోముకునేవాళ్ళం. నోటినిండా నురగతో ఏం మాట్లాడతాం? ఊఁ అంటే ఊఁ. పుల్ల చీల్చి నాలుక గీసుకుంటే ఇక అయిపోయినట్టేనని, ఆ చీల్చడమేదో వీలైనంత ఆలస్యం చేస్తుంటాను.

ఈ మే నెలలో వచ్చేస్తానంది. మళ్ళీ వెళ్ళనంది. ఆ మాట పట్టుకునే బతుకుతున్నానండి, చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

మొన్న సోమవారం చూశాను, బ్రష్షు ఎడమ పక్కకి వెళ్ళడం లేదు. మంగళవారమూ అంతే.

"ఏమే, ఆ పక్క దవడ ఎవరికైనా అద్దెకిచ్చావా?" అన్నాను.

నవ్వలేదు. నోరు పుక్కిలించి, "రెండు పళ్ళు పీకించేశానండీ. పోయిన నెల" అంది.

నాకు ఒళ్ళు మండింది. పడుకోబోయే ముందు కూడా తోముకోండి, పిప్పిపళ్ళొస్తాయి అని పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను కాల్చుకుతిన్న మనిషి తను. ఆ మాటే అడిగాను.

"పని తెమిలేసరికి ఇంత టీ తాగి అలాగే పడిపోతానండీ. బ్రష్షు పట్టుకునే ఓపిక ఉండదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చెయ్యమంటారు. మీరు రమ్మంటే నేను ఆగలేను." తల దించుకుంది. "మన పిల్ల నర్సింగు చదువు పూర్తవ్వాలి కదా. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేశానండీ."

తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ దవడ చూస్తే లోపలికి పోయి ఉంది. నేను పక్కన లేకుండానే నా బేబి ముసలిదైపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

"రాత్రి కూడా ఫోను చెయ్యి. ఇద్దరం కలిసే తోముకుందాం" అన్నాను.

"నాకు పని అయ్యేసరికి పదకొండవుతుంది. మీకు ఒకటిన్నరండీ."

"అవనీ. లేచి ఉంటాను."

"రెండేళ్ళా?"

"నువ్వొచ్చేటప్పటికి ఉన్న పళ్ళైనా ఉండాలి కదే."

తను నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా ముందు తను అలా ఎప్పుడూ చెయ్యలేదండి.