పూజ చేసిన ఫైలు

కాశీబుగ్గలో కృష్ణారావుగారి జీడిపిక్కల బట్టీకి కొత్త యంత్రం వచ్చింది. దానికి నాలుగు దారులు. ఒక్కో దారి దగ్గర ఒక్కో ఆడమనిషి పిక్కలు కొట్టి పప్పు పోస్తే, ఎవరి చేతిలో ఎన్ని పప్పులు విరిగి ముక్కలయ్యాయో యంత్రమే చెబుతుంది. చెప్పిందల్లా అసిరమ్మ పేరే.

"మజ్జానం దాకా సూత్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు కృష్ణారావుగారు.

"నాను సెప్తే ఇన్నావా బావా? దాని సెయ్యి మోటు," అంది పక్క దారిలో కూర్చునే ఆయన మరదలు గౌరీశ్వరి.

యంత్రానికి ప్రోగ్రాము రాసిన నాగశ్రీకి తప్పెక్కడుందో తెలుసు. నాలుగు దారుల లెక్కా ఒకే గంపలో పడుతోంది. చివరి దారి అసిరమ్మది కాబట్టి గంపంతా ఆవిడ నెత్తికెత్తుతోంది. ప్రోగ్రాములో ఒక్కో దారినీ ఒక్కో థ్రెడ్డు, అంటే విడిగా సాగే పని వరస, నడుపుతుంది. ఏ థ్రెడ్డు గంప దానికే అని నాగశ్రీ మార్చి రాసింది.

ఫైళ్లన్నిటినీ కలిపి కుట్టే లింకరు ఒప్పుకోలేదు. ఒక ఫైలు గంప ఎవరిది వారికే అంటోంది, ఇంకోటి ఉమ్మడి అంటోంది, నేను కలపను అంది. నాగశ్రీ రెండూ తెరిచింది. రెండింటిలోనూ సొంతమనే ఉంది. పాతవి తుడిచి మళ్లీ కట్టింది. అదే మాట.

"అమ్మాయిగోరూ, నా పనుంటాదా?" అంది అసిరమ్మ.

"ఉండమ్మా, సూత్తన్నాను."

అప్పుడు లింకరు చూపిన తప్పు పక్కన రాసిన ఫైలు చిరునామా చదివింది. అది తన కంప్యూటరులోది కాదు. యంత్రం వెనక గుచ్చి ఉన్న, కుంకుమ బొట్టు పెట్టిన పెన్‌డ్రైవులోది. ప్రారంభం రోజున పూజ చేసిన ఫైలే నడవాలని కృష్ణారావుగారు పట్టుబడితే, ముందు అందులోదే తీసుకోమని తనే రాసింది. అందులో గంప ఇంకా ఉమ్మడిదే.

అది మార్చాలని నాగశ్రీ చెబితే, "పూజ సేసిందాన్ని తీసేత్తావేటి?" అంటూ కృష్ణారావుగారు ఆ పూజ చేసిన పంతులు తారకేశ్వరరావుగారికి ఫోను చేశారు.

"నేను డబ్బాకి చేశానండీ. లోపల ఏముందో నాకేం తెలుసు?" అన్నారు పంతులుగారు.

పాత ఫైలు చెరిపి కొత్తది అందులోనే పెట్టింది నాగశ్రీ. బొట్టు చెదరలేదు. లింకరు అన్నీ కలిపి కుట్టేసింది.

నలుగురూ మళ్లీ పిక్కలు కొట్టారు. తెర మీద అసిరమ్మ దారిలో ముక్కలు అందరికన్నా తక్కువ. గౌరీశ్వరి దారిలో అందరికన్నా ఎక్కువ.

కృష్ణారావుగారు తెర వైపు, మరదలి వైపు చూశారు.

"ఆ పాత ఫైలు ఎక్కడుంది?"

"సెరిపేసేనండీ," అంది నాగశ్రీ.

అసిరమ్మ జీడి అంటకుండా చేతులకు బూడిద రాసుకుని ఇంకో పిక్క అందుకుంది.