ఆఖరి తలుపు అవతల

అన్నయ్య కంట్లో డాక్టరు గాలిబుడగ పెట్టాడు. అది పైకి తేలి, లోపల చిరిగిన పొరను నొక్కిపట్టాలట. అందుకని మనిషి ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండాలట. తిన్నా, పడుకున్నా, నీళ్లు తాగినా తల దించుకునే. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇన్నేళ్లూ మెడ పైకెత్తి తీగలు చూస్తూ బతికినవాడు, ఇప్పుడు మంచం మీద బోర్లా పడి, రెండు దిండ్ల సందులో ముఖం పెట్టుకుని గచ్చుతో మాట్లాడుతున్నాడు. రెండో కన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే. వెలుతురుకీ నీడకీ తేడా చెబుతుంది, అంతకు మించి దాన్ని అడగకూడదు.

ఈ కన్ను కూడా పోతే ఎలా అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వదిన గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోమేది. చెల్లెలు సరిగ్గానే ఉన్న కర్టెన్లను మళ్లీ సర్దేది. ఆమె కర్టెన్ల కొట్లో కుట్టుపని చేస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ వింతగా చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 'మూసిన ఇల్లు' ఆఖరి భాగం వచ్చింది.

ఇది దెయ్యాల కొంపలో తాళాలు విప్పుకుంటూ తిరిగే వీడియో గేమ్. చేతిలో దీపం పట్టుకున్న ఒక పిల్ల, అంతులేని గదులు, గదికో చిక్కుముడి, వెనకాల ఎవరిదో అడుగుల చప్పుడు. ప్రతి భాగం చివరా ఒకటే తలుపు కనిపించేది. లోపలినుంచి ఎవరో తట్టేవారు. తలుపు మాత్రం తెరుచుకునేది కాదు, ఆట అక్కడితో అయిపోయేది. అన్నయ్య ఆ తలుపు కోసం బడి రోజులనుంచి కాచుకుని కూర్చున్నాడు. పెళ్లయింది, బట్టతల వచ్చింది, తలుపు మీద ఆశ మాత్రం పోలేదు. ఈసారి అది తెరుచుకుంటుందని గేమ్ చేసినవాళ్లు మాటిచ్చారు.

"పిచ్చుకా, నువ్వు ఆడి చెప్పు," అన్నాడు అన్నయ్య దిండ్ల సందులోంచి.

కన్ను బాగయ్యాక నువ్వే ఆడుకోవచ్చు కదా అని ఎవరూ అనలేదు.

"నేనా?" అంది చెల్లెలు. "నాకు భయం కదా అన్నయ్యా. వదినని అడగరాదూ."

"నన్ను లాగకండి," అంది వదిన చెప్పులు వేసుకుంటూ. "ఆ బొమ్మలో ఎవరైనా వెనకనుంచి వచ్చారంటే నేను టీవీ పగలగొడతాను. ఆనక నా మీద ఏడవొద్దు." ఆమె పనిచేసేది మందుల షాపులో. మధ్యాహ్నం వెళ్తే చీకటి పడేలోపు వస్తుంది. ఆ వేళంతా చెల్లెలు ఇక్కడ ఉండేలా ఏర్పాటు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆటలోని ఆ ఇంటి గదులన్నీ చెల్లెలికి కొట్టినపిండి. ఆ తాళాలన్నీ విప్పింది ఆమే. కానీ ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. చిన్నప్పుడు అన్నయ్య టీవీ వైపు కూర్చుంటే, ఆమె అతని వీపుకు వీపు ఆనించి గోడవైపు కూర్చునేది. అతను చూసి చెప్పేవాడు, ఆమె విని ఆలోచించేది. గడియారం ముల్లు ఎటు తిప్పాలో, ఏ పలక పక్కన ఏ పలక జరపాలో గోడమీద వేలితో గీసుకుని చెప్పేది. కళ్లు అతనివి, బుర్ర ఆమెది. అతనొక్కడే ఆడితే మొదటి గది కూడా దాటేవాడు కాదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం.

కాబట్టి ఆమె కన్నుల్లో కాక తలలో ఒక ఇల్లుంది. పసుపురంగు గోడలు. మెట్ల పక్కన వరసగా వేలాడే రెయిన్‌కోట్లు. భోజనాల బల్లమీద ఎవరూ కొయ్యని పెద్ద కేకు. గదులన్నీ తిరిగే పెద్దావిడ, పాపం, కళ్లజోడు పోగొట్టుకుని వెతుక్కుంటూ ఉంటుంది. ఆవిడకి దొరికితే ఆట పోతుంది, నిజమే, కానీ ఆవిడ మంచిదేనని అన్నయ్య చెప్పాడు. పెళ్లయ్యాక కూడా నిద్ర పట్టకపోతే చెల్లెలు ఆ పసుపు గోడల మధ్య నడుచుకుంటూ వెళ్లి నిద్రపోయేది. భర్తతో ఈ సంగతి ఎన్నడూ అనలేదు. దెయ్యాల కొంపలో హాయిగా పడుకునే పెళ్లాం అంటే ఏ మొగుడికైనా కాస్త బెరుకే కదా.

ఆట మొదలుపెట్టారు. చెల్లెలు మంచం పక్కన నేలమీద కూర్చుని, టీవీ వెలుగు బాగా తగ్గించి, కళ్లు సగం మూసి ఆడింది. మధ్యాహ్నపు ఎండ ఆమె కుట్టిన కర్టెన్లలోంచి వడకట్టుకుని తేనెరంగులో గదిలోకి దిగేది. ఫ్యాను నెమ్మదిగా తిరిగేది. ఆటలో దీపం పిల్ల పొడుగాటి నడవాల్లో, నీళ్లు నిండిన మెట్లమీద, ఎక్కడికీ పోని వంతెనలమీద నడిచేది. ఆమె చూసింది చూసినట్టు చెబుతుంటే, అన్నయ్య "ఊఁ" కొట్టేవాడు. కొంతసేపటికి ఏది టీవీలో నడవో, ఏది ఈ ఇంటి నడవో తేడా తెలిసేది కాదు. వంటింట్లో కుళాయి చుక్క పడితే ఆటలో పడిందనుకుని వెనక్కి తిరిగేది. కొత్త గదులే కాబట్టి బాగానే ఉంది. పెద్దావిడ అడుగులు దూరంగా వినిపించేవి, మనిషి మాత్రం కనబడలేదు. ఇంతేనా, ఇందుకా నేను ఇన్నేళ్లూ గోడవైపు కూర్చున్నది అని కాస్త ధీమా కూడా వచ్చింది.

"ఫోన్లో ఏమంటున్నారో చూడకు," అని హెచ్చరించాడు అన్నయ్య. "ముగింపు చెప్పేస్తారు."

ఆమె చూడనే చూసింది. ముగింపు ఏమిటో చదవలేదు గానీ, దాని మీద జనం కొట్టుకుచావడం చదివింది. కొందరు ఏడ్చామన్నారు. కొందరు ఇన్నేళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లను చేశారని దుమ్మెత్తిపోశారు. అది చదివాక ఆమెకు నిలకడ లేకుండా పోయింది. అన్నయ్యకి ఇది చప్పగా అయిపోతే? అతనికి ఇదే ఆఖరి ఆట అయితే? ఆ డాక్టరు చెప్పేదాన్ని ఆమె ఎలాగూ మార్చలేదు. ఈ ఒక్కటైనా బాగా ముగియాలని మొక్కుకున్నంత పనిచేసింది.

రేపు డాక్టరు కంటి కట్టు విప్పుతాడనగా, ఆ మధ్యాహ్నం ఆట వాళ్లని మొదటి భాగంలోని హాలుకు తెచ్చి వదిలింది. హాలు ఖాళీ. మధ్యలో ఒక పెట్టె. పెట్టెలోంచి సామాను ఒక్కొక్కటే తీసి, అప్పట్లో ఎక్కడున్నది అక్కడ పెట్టాలి. అప్పుడే ఆఖరి తలుపుకు దారి.

"ఇది నీకు మంచినీళ్లు తాగినంత తేలిక," అని నవ్వబోయి, అన్నయ్య ఎందుకో మధ్యలో ఆపేశాడు.

"గోడలు పసుపు కాదే?" అంది ఆమె. "బూడిదరంగుగా ఉన్నాయి. ఇక్కడ కోట్లుండాలి కదా. పెట్టెలో కోట్లు లేవన్నయ్యా." ఇంకోటి తీసింది. అదేమిటో ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కోటు కాదు, మనిషి. మెట్ల పక్కన కొక్కేలకు వేలాడదీయాల్సింది మనుషుల్ని. కంట్రోలరు చేతిలోంచి జారి పడింది. టీవీలో బల్ల దగ్గర ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. దీపం వెలుగు పడేసరికి ఇటు తిరిగారు. ఆ ముఖంలో కళ్లజోడు పెట్టుకోవడానికి ఏమీ లేదు.

చెల్లెలు కెవ్వుమంది.

"పిచ్చుకా," అన్నాడు అన్నయ్య. లేవబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి, తల ఎత్తకుండానే చేత్తో ఆమె భుజం కోసం తడుముకున్నాడు. "పిచ్చుకా, ఆట ఆపు. ఏం కాదు, ఆపు."

"అబద్ధాలు చెప్పావు."

"చెప్పాను."

"అంతా అబద్ధమేనా? కేకు?"

"కేకు అడక్కు."

ఆమెకు ఒళ్లుమండిపోయింది. దెయ్యాన్ని చూసినందుకు కాదు. తను ఇన్నేళ్లూ నిద్రపోయిన ఇల్లు ఎక్కడా లేదని ఇంత చల్లగా చెబుతున్నాడే, అందుకు. "నేనేమన్నా పసిపాపనా? నన్ను ఇంత తెలివితక్కువదాన్ని చేస్తావా?"

"పసిపాపవే అప్పుడు," అన్నాడు అన్నయ్య గచ్చువైపు. "నిజం చెబితే లేచి పారిపోయేదానివి. నువ్వు పోతే నాకు ఒక్క తాళం తెరుచుకునేది కాదు. పైగా నువ్వు వీపు ఆనించి కూర్చుంటే బాగుండేది. అందుకని గదిలోకి వెళ్లగానే ముందు గబగబా ఏం మార్చాలో ఆలోచించుకునేవాణ్ణి. ఆ తర్వాతే నీకు చెప్పేది. నాకు చిక్కుముళ్లు రావని నువ్వు వెక్కిరించేదానివి కదా, నా బుర్రంతా అక్కడే ఖర్చయిపోయేది."

ఆమెకు నవ్వొచ్చింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఉండగానే కంట్రోలరు తీసుకుంది. అన్నయ్య ఈసారి ఒక్కటీ దాచకుండా చెప్పాడు. బల్లమీద ఏముందో చెప్పేటప్పుడు మాత్రం గొంతు బాగా తగ్గించాడు. ఆమె ఒక్కో వస్తువూ దాని చోట పెట్టింది. పెడుతున్నంతసేపూ తన పసుపు గోడలు ఒక్కొక్కటే వెలిసిపోతున్నట్టు అనిపించి, కన్నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. చూసేవాళ్లెవరు?

దారి తెరుచుకుంది. నడవ చివర తలుపు. లోపలినుంచి తట్టే చప్పుడు. ఆమె తలుపు తోసింది.

లోపల ఎవరూ లేరు. చిన్న గది. ఒక కుర్చీ, ఒక కిటికీ. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది, ఇన్నాళ్లూ తట్టింది అదే. దీపం పిల్ల కుర్చీలో కూర్చుంది. బయట తెల్లవారుతోంది. పిల్ల దీపం ఆర్పేసింది. గేమ్ చేసినవాళ్ల పేర్లు పడటం మొదలైంది.

చెల్లెలికి ఉసూరుమనిపించింది. ఇదా! దీనికోసమా ఈ మనిషి బట్టతల వచ్చేదాకా కాచుకున్నది! దుమ్మెత్తిపోసినవాళ్లదే న్యాయం అనిపించింది. ఆ చేసినవాళ్లు ఎదురుగా ఉంటే కర్టెన్ రాడ్డుతో నాలుగు తగిలించేదే.

"ఏముందే?" అన్నాడు అన్నయ్య. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"ఉందన్నయ్యా... పెద్ద హాలుంది," అంది ఆమె. "దీపాలు, ఎన్ని దీపాలో. ఆ వేలాడిన వాళ్లంతా బతికి లేచి నిలబడ్డారు. పెద్దావిడకి ముఖం తిరిగొచ్చింది. దీపం పిల్లని చూసి చేతులు చాచి..."

"ఆగు."

ఆమె ఆగింది.

"ఆ పని నేను చాలా ఏళ్లు చేశానే. ఎలా వినబడుతుందో నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య. "రేపు డాక్టరు ఏం చెబుతాడో నాకు తెలీదు. ఒకవేళ చెప్పకూడనిదే చెబితే, ఆ తర్వాత నువ్వూ మీ వదినా ఏది ఉందంటే నాకు అదే ఉన్నట్టు. ఎదురుగా గొయ్యుంటే పూలతోట అని చెబుతావా? నేనంటే అప్పుడు చిన్నవాణ్ణి. నువ్వు ఆ పని చెయ్యకు. ఉన్నది చెప్పు."

ఆమె ఉన్నది చెప్పింది. ఖాళీ గది అని చెప్పింది. కుర్చీ చెక్కదని, ఒక కాలు కాస్త పొట్టి అని చెప్పింది. కిటికీ రెక్కకి రంగు పెచ్చులూడిందని, అవతల ఊరేమీ లేదని, ఒట్టి నేల, దాని మీద పొగమంచు, పొగమంచు అడుగున ఎక్కడో వెలుతురు నానుతోందని చెప్పింది. దీపం ఆరిపోతే చీకటి పడలేదని, అసలు అక్కడ దీపం అక్కరలేదని ఆ పిల్లకి అప్పుడే తెలిసినట్టుందని చెప్పింది. అందంగా చెయ్యాలని ఏదీ కలపలేదు. చెబుతుంటే మాత్రం, ఇందాక ఒక్క చూపులో చూసి తిట్టుకున్న గది ఇంకో గదిలా ఉంది.

"అంతేనా?"

"అంతే. చప్పగా ఉంది కదూ?"

"చప్పగానే ఉంది," అన్నాడు అన్నయ్య నిజాయితీగా. "ఇన్నేళ్లు తిప్పించుకుని కిటికీ రెక్క అంటారా, దొంగ వెధవలు." అతని వీపు కదిలింది. నవ్వుతున్నాడు. "కానీ పిచ్చుకా, ఆ కిటికీ నాకు కనబడింది. ఈ గది కూడా చెప్పు."

టీవీలో పేర్లు అయిపోయి తెర నల్లబడింది. ఆమె గది చెప్పింది. కర్టెన్ అంచున తను కుట్టిన కుట్టు ఒకచోట వంకరపోయిందని, వదిన చీర కుర్చీ మీద మడత పెట్టకుండా పడి ఉందని, గోడమీద ఎండ కాళ్లు ఈడుస్తూ పైకి పోతోందని చెప్పింది. మందుసీసా మూత సరిగా పెట్టలేదని చెప్పి, లేచి పెట్టింది. అతని మెడ సన్నబడిందని, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయని, చెంపలమీద దిండు అచ్చులు పడ్డాయని చెప్పింది. ఇక చెప్పడానికి గదిలో ఏమీ మిగల్లేదు.

"ఇంకా?" అన్నాడు.

"నాకు భయంగా ఉంది అన్నయ్యా. రేపటికి."

అతను దిండ్ల సందులోంచి చెయ్యి బయటికి చాచాడు. ఆమె పట్టుకుంది.

"నాక్కూడానే," అన్నాడు.