గుర్రం మీద ద్రీనీ, కప్పు మీద లోరెన్స్

ద్రీనీ నోర్ట్యే, ఆమె భర్త లోరెన్స్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి అప్పటికి నెల కావస్తోంది. గొడవ చర్చిలో మొదలైంది. చర్చికి కొత్త ఆర్గన్ వాయిద్యం కొనాలని లోరెన్స్ పట్టు. కప్పు కారుతుంటే పాటలెందుకని ద్రీనీ నలుగురిలో లేచి అవతలి పక్షానికి చెయ్యెత్తింది. మూడేళ్లకోసారి వాన పడే కరూ మైదానంలో కప్పు కారితే ఎంత, కారకపోతే ఎంత అని లోరెన్స్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ మాటైనా కుక్క ద్వారానే.

"వాగ్టర్, కాఫీలో పంచదార లేదని అమ్మగారికి చెప్పు."

"వాగ్టర్, అయ్యగారికి చేతులున్నాయి, డబ్బా అల్మారాలో ఉందని చెప్పు."

కుక్క ఇద్దరి మొహాలూ చూసి తోకాడించేది.

అలాంటి రోజుల్లో ఊళ్లోకి సినిమావాళ్లు దిగారు. పాత ఇటలీ కౌబాయ్ సినిమాల ధోరణిలో, ఆఫ్రికాన్స్ భాషలో, తుపాకులూ నవ్వులూ కలిపిన సినిమా తీస్తారట. మూతపడిన రైల్వే స్టేషన్ ఎదుట చెక్కలు నిలబెట్టి ఒక సారాకొట్టు, ఒక బ్యాంకు, ఒక జైలు కట్టారు. గడ్డమున్న ప్రతి మగాడికీ బందిపోటు వేషం దొరికింది. లోరెన్స్ గడ్డం ఊళ్లోకెల్లా పెద్దది. అతను సారాకొట్టు వసారా కప్పెక్కి కాల్పులు జరపాలి, గుండు తగిలి కింద పరచిన పరుపుల మీద పడి చావాలి. ఇంట్లో అద్దం ముందు అతను చావడం సాధన చేస్తుంటే ద్రీనీ వంటింట్లో పెదవి కొరుక్కుని నవ్వాపుకునేది.

ఆమెను అడిగింది మాత్రం ఆమె గుర్రం కోసమే. గోధుమరంగు గుర్రం, పేరు బ్లిక్సెమ్. దాన్ని ఎక్కాల్సిన కథానాయకుడు రువాన్, కేప్‌టౌన్ టీవీ సీరియళ్లలో పేరున్న కుర్రాడు. పుట్టినప్పటి నుంచీ స్వారీ చేస్తున్నానని చెప్పి వేషం సంపాదించాడు. మొదటిరోజు ఈ పక్క నుంచి ఎక్కి ఆ పక్క నుంచి కింద పడ్డాడు.

దర్శకురాలు కార్లిన్ కళ్లెం పట్టుకుని నిలబడ్డ ద్రీనీ దగ్గరికి వచ్చింది. "తన్నీ," అంది, అత్తయ్యా అని పిలిచినట్టు, "నిజం చెప్పండి. రేపటికి నేర్చుకుంటాడా?"

"రేపటికా? ఇతనికి గుర్రమంటే భయం, గుర్రానికి ఇతనంటే చిరాకు. వీళ్లకు పెళ్లి చెయ్యకమ్మా."

కార్లిన్ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. రువాన్ ఎంత పొడుగో ద్రీనీ కూడా అంతే పొడుగు, అంతే బక్క. "మీరు స్వారీ చేస్తారా?"

"చేసేదాన్ని. కిందటేడు తుంటి మార్చారు. డాక్టరు వద్దన్నాడు."

"గట్టిగా అన్నాడా?"

"ఫోన్లో అన్నాడు."

ఇంతలో రువాన్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. "తన్నీ, నా పరువు మీ చేతుల్లో ఉంది."

"నీ పరువు ఇందాకే కింద పడింది నాయనా. ముందు ఆ మట్టి దులుపుకో," అంది ద్రీనీ. కానీ అప్పటికే ఒప్పేసుకుంది. లోరెన్స్‌తో చెప్పలేదు. చెప్పాలంటే కుక్కతో చెప్పి పంపాలి.

మర్నాడు రువాన్‌కు బదులుగా ఆమెకు దుప్పటిలాంటి పైవస్త్రం కప్పి, టోపీ పెట్టి, ముక్కు మీదుగా రుమాలు కట్టారు. మొదటి పది అంగల్లో తుంటి కలుక్కుమంది. దిగిపోదామనుకుంది. తర్వాత గుర్రం పరుగందుకునేసరికి ఆ ఆలోచన వెనకబడిపోయింది. దుమ్ములోంచి సారాకొట్టు పెద్దదవుతోంది. కప్పు మీద లోరెన్స్ లేచి తుపాకీ ఎత్తాడు. ఆమె పిస్తోలు తీసి కాల్చింది.

లోరెన్స్ పడలేదు. తుపాకీ దించి కళ్లు చిట్లించాడు. ఒంటిచేత్తో పట్టిన కళ్లెం, బయటికి పొడుచుకొచ్చిన ఎడమ మోచెయ్యి. ఊళ్లో ఆ వాటం ఒక్కరిదే.

"ఒసేయ్! నీ తుంటి! దిగు ముందు!"

"ఊమ్, పెద్దాయనా, మీరు చచ్చిపోయారు, పడండి!" అని కింద నుంచి ఎవరో అరిచారు.

"నువ్వూరుకోవయ్యా! ఆవిడ తుంటిలో ఇనుముంది!"

ద్రీనీ కప్పు కింద గుర్రాన్ని ఆపి రుమాలు లాగేసింది. "నాతోనేనా మాట్లాడుతున్నావు? కుక్క ఇక్కడ లేదే!"

"కుక్కకైతే బుద్ధుంది, చెబితే వింటుంది. దిగుతావా లేదా? నువ్వు దిగితేనే నేను చస్తాను."

"నువ్వు చస్తేనే నేను దిగుతాను. కథలో అంతే ఉంది."

చుట్టూ జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. లోరెన్స్ కప్పు అంచున మోకాళ్ల మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "నొప్పిగా ఉందా?"

"కొంచెం," అంది ద్రీనీ. నిజం చెప్పాలని ఆమె అనుకోలేదు.

"అయితే ఇంకొక్కసారే. సరిగ్గా గురి చూడు. నేను రెండుసార్లు పడలేను."

రెండోసారి లోరెన్స్ గుండె పట్టుకుని, ఆకాశాన్ని తిట్టి, తూలి, నిలదొక్కుకుని, మళ్లీ తూలి పడ్డాడు. అంతసేపు చచ్చినవాణ్ణి తానెక్కడా చూడలేదని కార్లిన్ అంది.

ఆ సాయంత్రం లోరెన్స్ వేడినీళ్ల సంచి తెచ్చి ద్రీనీ నడుము కింద సర్దాడు. రువాన్ పిస్తోలు పట్టుకునే తీరు గురించి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆర్గన్ మాట వచ్చినప్పుడు కాసేపు గట్టిగానే వాదించుకున్నారు, కానీ మొహం మొహం చూసుకుని.

సినిమా ఊరి హాల్లో ఆడిననాడు తెలిసింది, కార్లిన్ మొదటిసారి చెడిపోయిన ముక్క కూడా ఉంచేసిందని. కారణం ఏమీ లేకుండా ఒక బందిపోటు కథానాయకుణ్ణి తుంటి జాగ్రత్త అని తిడతాడు. హాలంతా పగలబడి నవ్వింది. లోరెన్స్ చిన్నబుచ్చుకున్నాడు. "అంత బాగా చచ్చాను కదా, దానికి ఒక్కరూ ఏడవరేం?"

"నేను ఏడ్చాను," అంది ద్రీనీ, కళ్లు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి.

మరుసటి ఏడు కార్లిన్ ఫోన్ చేసింది. ఇంకో సినిమా, ఇంకో గుర్రం.

"ఈసారి మొహం కనిపించే వేషమైతేనే వస్తాను," అంది ద్రీనీ.

జైలు అధికారి వేషం ఉంది, కానీ మగవాడికి రాసిందని కార్లిన్ నసిగింది.

"మార్చి రాయమ్మా. ఇంకోటి, మా గొర్రెల బొచ్చు కత్తిరింపు అయ్యేదాకా నేను కదలను."

కార్లిన్ సరేనంది. ద్రీనీ ఫోన్ పెట్టేసి, ఆ మాట లోరెన్స్‌కు తానే చెప్పడానికి గొర్రెల దొడ్డి వైపు వెళ్లింది.